భారత ప్రొఫెషనల్ పోకర్ ఆటగాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దేశం నుంచి పోకర్ ఆడి ప్రపంచ స్థాయిలో గెలిచినవాళ్లు పదిహేనేళ్ల కిందట దాదాపు లేరు. ఇప్పుడు ఉన్నారు. వాళ్లు ఎలా తయారయ్యారు, ఆ ఆటలో లెక్క ఏమిటి, డబ్బు ఎటు పోతుంది, చట్టం ఏమంటోంది అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఇది ఆడమని ప్రోత్సహించే పేజీ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డబ్బు పెట్టి ఆడటం నేరమన్న సంగతి కింద వివరంగా ఉంది, ముందు అది చదవండి.

ప్రొఫెషనల్ పోకర్ ఆటగాడు అని ఎవరిని అంటారు?

ఇంటి ఖర్చులు పోకర్ రాబడితోనే నడిపేవాళ్లను. ఒక పెద్ద టోర్నమెంటు గెలిచినంత మాత్రాన ఎవరూ ప్రొఫెషనల్ కారు. పెద్ద ఎంట్రీ ఫీజు పోటీల్లో కూర్చునేవాళ్లలో వ్యాపారులు చాలామంది ఉంటారు. వాళ్లకు ఆట ఇష్టం, ఓడినా వ్యాపారం నిలబెడుతుంది. ప్రొఫెషనల్‌కు ఆ ఆసరా ఉండదు. అందుకే తన చేతిలో ఏ ముక్కలు పడ్డాయన్న దానికన్నా తనకంటే తక్కువ తెలిసినవాళ్లు ఏ టేబుల్ దగ్గర ఉన్నారన్నదే అతనికి ముఖ్యం. ప్రపంచంలో పదో స్థానంలో ఉన్నవాడు కూడా మొదటి తొమ్మిది మందితో ఒకే టేబుల్ మీద రోజూ ఆడితే ఓడిపోతాడు.

మన దేశంలో ఇది ఎప్పుడు మొదలైంది?

మూలం అమెరికాలో ఉంది. లాస్ వేగాస్‌లో 1970లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో మెయిన్ ఈవెంట్ ఎంట్రీ ఫీజు 10,000 డాలర్లు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో ఒక చిన్న అర్హత పోటీ గెలిచి, ఆ టికెట్‌తో అక్కడికి వెళ్లాడు. 839 మందిలో మొదటివాడిగా నిలిచి 25 లక్షల డాలర్లు గెలిచాడు. దాంతో ప్రపంచమంతా ఆన్‌లైన్ పోకర్ మొదలుపెట్టింది.

మన దగ్గర 2000ల చివర్లో ఇంటర్నెట్ మీద విదేశీ సైట్లలో ఆడినవాళ్లు మొదటి తరం. కోల్‌కతాకు చెందిన ఆదిత్య అగర్వాల్ వాళ్లలో పేరున్నవాడు. గోవాలో 1976 నాటి జూద చట్టాన్ని 1990లలో సవరించి, హోటళ్లలో స్లాట్ యంత్రాలకూ నది మీద ఓడల్లో టేబుల్ ఆటలకూ అనుమతిచ్చారు. మాండోవి నది మీద ఉన్న ఆ క్యాసినో ఓడల్లోనే 2010 ప్రాంతంలో దేశీయ పోకర్ టోర్నమెంట్లు క్రమంగా జరగడం మొదలైంది. 2011లో అడ్డా52 అనే దేశీయ పోకర్ సైటు వచ్చింది, కొన్నేళ్లలో పోకర్‌బాజీ వంటివి చేరాయి. 2013లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో నైపుణ్యపు ఆటగా పోకర్ ఆడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని చెప్పాక బెంగళూరులో పోకర్ గదులు పెరిగాయి. 2017లో వరల్డ్ పోకర్ టూర్ అనే అంతర్జాతీయ టోర్నమెంట్ల సిరీస్ గోవాకు వచ్చింది.

ప్రపంచ స్థాయిలో గెలిచిన భారతీయులు ఎవరు?

ఈ ఆటలో అందరూ కోరుకునేది వరల్డ్ సిరీస్ బ్రేస్‌లెట్, అంటే అక్కడ ఒక పోటీ గెలిచినవాళ్లకు ఇచ్చే కంకణం. 2017లో ఆదిత్య సుశాంత్, నిపుణ్ జావా ఇద్దరూ జట్టుగా ఆడే టాగ్ టీమ్ పోటీ గెలిచి దాన్ని తెచ్చారు. అదే వేసవిలో నిపుణ్ జావా ఆన్‌లైన్ పోటీలో ఇంకో బ్రేస్‌లెట్ కూడా గెలిచాడు. 2019లో అభినవ్ అయ్యర్ 1,500 డాలర్ల ఎంట్రీ ఉన్న ‘క్లోజర్’ పోటీలో 5 లక్షల డాలర్లకు పైగా గెలుచుకున్నాడు.

కర్ణాటకకు చెందిన సంతోష్ సువర్ణ 2023లో చెక్ రిపబ్లిక్‌లోని రోజ్వాడోవ్‌లో వరల్డ్ సిరీస్ యూరప్ బ్రేస్‌లెట్ అందుకున్నాడు. 2024లో లాస్ వేగాస్‌లో 2,50,000 డాలర్ల ఎంట్రీ ఉన్న సూపర్ హై రోలర్‌లో మొదటి స్థానం సాధించాడు. బహుమతి 54,15,152 డాలర్లు. ఈ ఎంట్రీ స్థాయిలో కూర్చునేవాళ్లు ప్రపంచంలోనే కొద్దిమంది. వాళ్ల మధ్య గెలవడం మామూలు విషయం కాదు.

మహిళలు ఉన్నారా?

ఉన్నారు, కానీ తక్కువ. 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వివిధ రంగాల్లో తొలి మహిళలను సన్మానించినప్పుడు ముస్కాన్ సేఠీ తొలి మహిళా ప్రొఫెషనల్ పోకర్ ప్లేయర్‌గా రాష్ట్రపతి చేతుల మీదుగా పురస్కారం అందుకుంది. ఆన్‌లైన్‌లో పేరు కనబడని మారుపేరుతో ఆడొచ్చు కాబట్టి మహిళలకు అక్కడ ఇబ్బంది తక్కువగా ఉండేది. 2025 చట్టంతో (కింద చూడండి) ఆ తలుపు మూసుకోవడం వాళ్లకే ఎక్కువ నష్టం.

ఇంత తక్కువ కాలంలో ఇంతమంది ఎలా తయారయ్యారు?

తెలివి ఎక్కువని కాదు, చేసిన సాధన ఎక్కువ కావడమే కారణం. ఈ లెక్క చూడండి.

గదిలో టేబుల్ చుట్టూ కూర్చుని ఆడితే గంటకు 30 హ్యాండ్లు పంచుతారు (ముక్కలు పంచినప్పటి నుంచి పందేలు ముగిసేదాకా ఒక హ్యాండ్). రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు, ఏడాదంతా ఆడినా 72,000 హ్యాండ్లు. ఆన్‌లైన్‌లో ఒక్కో టేబుల్ మీద గంటకు 75 దాకా పడతాయి. నాలుగు టేబుళ్లు ఒకేసారి తెరిస్తే గంటకు 300. రోజుకు 6 గంటల చొప్పున 25 రోజులు ఆడితే నెలకే 45,000. పాత తరం జూదరి ఏడాదంతా కూర్చుని చూసినన్ని హ్యాండ్లను ఇరవై రెండేళ్ల కుర్రాడు రెండు నెలలు నిండకుండానే చూసేశాడు. పైగా ప్రతి హ్యాండూ కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది, రాత్రికి తిరగేసి ఎక్కడ తప్పు చేశాడో చూసుకోగలడు.

రెండో కారణం, ఆ సాధనకు ఖర్చు తక్కువ. రూపాయి, రెండు రూపాయల బ్లైండ్ల టేబుల్ మీద 200 రూపాయలతో కూర్చోవచ్చు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు బ్లైండ్లు, వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్). అక్కడ గెలిచినవాడు 5/10కి, ఆ తర్వాత 25/50కి ఎక్కుతాడు. ప్రతి మెట్టు మీదా ఎదుటివాళ్లు కాస్త గట్టిపడతారు. ఓడితే ఒక మెట్టు దిగుతాడు, ఇల్లు మునగదు. భారత ఆటగాళ్లను తయారుచేసింది ఈ నిచ్చెనే. గోవా ఓడల్లో అతి తక్కువ టేబుల్ కూడా విద్యార్థికి భారమే, అక్కడ కింది మెట్లు లేవు.

మూడోది, టేబుళ్ల మీద కొత్తవాళ్లు చాలా ఎక్కువగా ఉండేవాళ్లు. పండగలకు మూడుముక్కలాట ఆడే అలవాటు ఉన్న దేశంలో ప్రకటనలు చూసి లక్షలమంది చేరారు. బాగా చదివినవాడి రాబడి వాళ్ల జేబులోంచే వచ్చింది. ఇది దాచాల్సిన విషయం కాదు. ఒకడు గెలిచిన ప్రతి రూపాయీ టేబుల్ మీద ఇంకొకడు పోగొట్టుకున్నదే, మధ్యలో నిర్వాహకుడు తన వాటా తీసుకుంటాడు.

రమ్మీ, మూడుముక్కలాట బాగా ఆడేవాళ్లకు పోకర్ సులువుగా వస్తుందా?

రమ్మీ ఆడినవాళ్లకు ఒక మంచి అలవాటు ఉంటుంది: ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడు, ఏది పారేశాడు అని గుర్తుపెట్టుకుని అతని చేతిని ఊహించడం. పోకర్‌లో ముక్కల బదులు పందేలను అలా చదవాలి. ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలిస్తారు, బోర్డు మీద అందరికీ కలిపి ఐదు పరుస్తారు: ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్). ఫ్లాప్‌కు ముందు దశ ప్రీ ఫ్లాప్. ప్రతి దశలోనూ పందేలు ఉంటాయి. ప్రీ ఫ్లాప్‌లో పెంచాడు, ఫ్లాప్‌లో ఆగాడు, టర్న్‌లో పెద్ద మొత్తం వేశాడు అంటే ఏ చేతులకు ఆ మూడూ అతుకుతాయి అని వెతకడమే ఆట. రమ్మీలో డ్రాప్ తెలిసినవాడికి ఫోల్డ్ (ముక్కలు పడేసి తప్పుకోవడం) కూడా త్వరగా అర్థమవుతుంది. తొమ్మిది మంది టేబుల్ మీద మంచి ఆటగాడు వంద చేతుల్లో ఎనభైకి పైగా ముందే పడేస్తాడు.

మూడుముక్కలాట నుంచి వచ్చేవాళ్లు మాత్రం కొంత మరిచిపోవాలి. మొదటి తప్పు చేతుల వరుసలో జరుగుతుంది. మూడుముక్కల్లో మూడూ ఒకటే పడితే అన్నిటికంటే పెద్దది, సీక్వెన్స్ (వరుస ముక్కలు) కలర్‌ను (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కొడుతుంది. పోకర్‌లో కలర్ సీక్వెన్స్‌ను కొడుతుంది, మూడు ఆసులు ఆ రెండిటి కన్నా చిన్నవి. కారణం అరుదుదనమే. మూడు ముక్కలతో సాధ్యమయ్యే 22,100 చేతుల్లో మూడూ ఒకటే అయ్యేవి 52, మామూలు సీక్వెన్స్‌లు 720, కలర్లు 1,096. ఐదు ముక్కలతో సాధ్యమయ్యే 25,98,960 చేతుల్లో కలర్లు 5,108, సీక్వెన్స్‌లు 10,200, మూడు ఒకటేగా ఉండేవి 54,912. క్రమం తలకిందులవుతుంది. చేతిలో సీక్వెన్స్ పెట్టుకుని, బోర్డు మీద మూడు ఇస్పేట్లు కనబడుతున్నా డబ్బు మొత్తం తోసేయడం కొత్తవాళ్లకు బాగా ఖరీదైన తప్పు.

రెండో తప్పు బ్లైండ్ ఆట. ముక్కలు చూడకుండా ఆడేవాడికి మూడుముక్కల్లో పందెం సగమే, అందుకని అక్కడ దానికి అర్థం ఉంది. పోకర్‌లో అలాంటి రాయితీ ఏమీ లేదు.

అయితే ఇది నైపుణ్యమా, అదృష్టమా?

ఒక్క హ్యాండ్‌లో ఎక్కువ పాలు అదృష్టం. లక్షల హ్యాండ్లలో ఎక్కువ పాలు నైపుణ్యం. రెండు ఆసులున్నవాడు రెండు రాజులున్నవాడిని వందలో 82 సార్లు కొడతాడు. ఇలాంటి మంచి స్థితిలో ఐదుసార్లు డబ్బంతా పెట్టినా, కనీసం ఒకసారి ఓడే అవకాశం 63%.

నైపుణ్యం బయటపడటానికి ఎంత కాలం పడుతుందో కూడా లెక్క ఉంది. బాగా ఆడేవాడు 100 హ్యాండ్లకు సగటున 5 బిగ్ బ్లైండ్లు గెలుస్తాడనుకుందాం. హెచ్చుతగ్గులు 100 హ్యాండ్లకు సుమారు 90 బిగ్ బ్లైండ్లు ఉంటాయి. లక్ష హ్యాండ్ల తర్వాత కూడా అతని లెక్క 100కి మైనస్ 0.6 నుంచి ప్లస్ 10.6 మధ్య ఎక్కడైనా కనబడొచ్చు. గదిలో ఆడేవాడికి లక్ష హ్యాండ్లంటే ఏడాదిన్నర పని. నెల రోజులు గెలిచి ఉద్యోగం మానేసేవాళ్లు ఈ ఒక్క లెక్క చూడక దెబ్బతింటారు.

కోర్టుల్లో ఈ ప్రశ్నకు తెలుగు నేలతో సంబంధం ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. మూడుముక్కలాట అలాంటిది కాదని అక్కడే వేరుచేసింది. ఆ తర్వాత పోకర్ కేసులన్నిటిలో వాదన ఈ తీర్పు చుట్టూనే తిరిగింది. నాగాలాండ్ 2016 చట్టం పోకర్‌ను నైపుణ్యపు ఆటల జాబితాలో పెట్టింది. పశ్చిమ బెంగాల్ చట్టం దాన్ని జూదం నిర్వచనం నుంచి తప్పించింది. గుజరాత్ హైకోర్టు మాత్రం 2017లో అది జూదమేనని తేల్చింది.

ఒక హ్యాండ్‌లో నైపుణ్యం ఎలా పనిచేస్తుందో ఉదాహరణతో చెబుతారా?

పాట్‌లో, అంటే మధ్యలో చేరిన పందెం సొమ్ములో 1,000 ఉంది. టర్న్ పడ్డాక ఎదుటివాడు 500 వేశాడు. మీ చేతిలో రెండు ఇస్పేట్లు, బోర్డు మీద రెండు ఇస్పేట్లు. ఇంకొకటి పడితే మీదే గెలుపు అనుకుందాం. మీరు 500 వేస్తే పాట్ 2,000 అవుతుంది, అంటే నాలుగోసారికి ఒకసారి, 25% గెలిస్తేనే నష్టం లేదు. కనబడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. అవకాశం 19.6%. పైపైన చూస్తే ఫోల్డ్ చేయాలి.

కానీ ఇస్పేటు పడ్డాక ఎదుటివాడు ఇంకా డబ్బు వేస్తాడా అన్నది తర్వాతి ప్రశ్న. లెక్క వేస్తే, పడినప్పుడు రివర్ మీద అతని దగ్గర్నుంచి సగటున ఇంకో 556 రాబట్టగలిగితేనే కాల్ చేయొచ్చు (అతని పందేనికి సమానంగా వేయొచ్చు). అతని ముందు 300 మాత్రమే మిగిలి ఉంటే ఆ అవకాశమే లేదు. మూడో ఇస్పేటు చూడగానే జాగ్రత్తపడి ఫోల్డ్ చేసే మనిషైతే కూడా లేదు. మీ చేతిలో ఇస్పేటు ఆసు, రాజు కాకుండా ఆరు, ఏడు ఇస్పేట్లు ఉంటే, ఇస్పేటు పడ్డాక కూడా అంతకన్నా పెద్ద కలర్‌కు ఓడే ప్రమాదం ఉంది. ఈ మూడు ప్రశ్నలూ పది సెకన్లలో వేసుకోవడమే నైపుణ్యం.

ఎంత పెట్టుబడి పెట్టుకుంటారు?

ఆటకు పక్కన పెట్టిన డబ్బును బ్యాంక్‌రోల్ అంటారు. క్యాష్ ఆటకు (టోర్నమెంటు కాకుండా నేరుగా డబ్బుతో ఆడేదానికి) కనీసం 30 నుంచి 50 బై ఇన్‌లు ఉంచుకుంటారు. టేబుల్ మీద కూర్చోవడానికి తీసుకెళ్లే మొత్తమే బై ఇన్. 50/100 బ్లైండ్ల టేబుల్‌కు బై ఇన్ రూ.10,000 అయితే 3 నుంచి 5 లక్షలు. టోర్నమెంట్లకు హెచ్చుతగ్గులు చాలా ఎక్కువ కాబట్టి 100 నుంచి 200, పెద్ద సంఖ్యలో జనం పాల్గొనే వాటికి అంతకు మించి. ఇంటి ఖర్చుల కోసం ఆరు నెలల నుంచి ఏడాదికి సరిపడా డబ్బు విడిగా ఉండాలి, రెండూ ఎప్పుడూ కలపకూడదు. అద్దె కోసం బ్యాంక్‌రోల్‌లోంచి తీసినవాడు తర్వాత తనకు తగ్గ టేబుల్ మీద కూర్చోలేడు, పోయింది త్వరగా రాబట్టాలని పై మెట్టు ఎక్కుతాడు. చాలామంది అక్కడే ఆగిపోయారు.

టోర్నమెంట్ హెచ్చుతగ్గులు ఎంతంటే, వందలో 18 పోటీల్లో బహుమతి జాబితాలోకి వచ్చే మంచి ఆటగాడు కూడా వరుసగా 12 పోటీల్లో ఏమీ లేకుండా బయటికి వచ్చే అవకాశం 9%. జాబితాలోకి వచ్చినా అడుగున ఉండేవి ఎంట్రీకి ఒకటిన్నర, రెండింతలే. అసలు డబ్బు ఫైనల్ టేబుల్ మీద ఉంటుంది.

ఇంటర్నెట్‌లో ఒకరి పేరు పక్కన కోట్ల గెలుపు కనబడుతుంది. అదంతా వాళ్లకు మిగిలినట్టేనా?

కాదు. ఆ పట్టికల్లో వచ్చిన బహుమతులే ఉంటాయి, కట్టిన ఎంట్రీలు ఉండవు. పది లక్షల డాలర్ల బహుమతులు చూపించే మనిషి పన్నెండు లక్షలు ఎంట్రీలకు పెట్టి ఉండొచ్చు. ఇప్పటి టోర్నమెంట్లలో ఒకసారి బయటపడినా మళ్లీ ఎంట్రీ కట్టి కూర్చునే వీలుంది. ఆ రెండో, మూడో ఎంట్రీ కూడా ఎక్కడా కనబడదు.

పైగా పెద్ద పోటీల్లో ఆటగాడి వాటా చాలాసార్లు సగం కూడా ఉండదు. మిగతాది స్టేకింగ్, అంటే వేరేవాళ్లు పెట్టిన డబ్బు. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ఒక్క పోటీకి తన వాటాలు అమ్మడం. 10,000 డాలర్ల ఎంట్రీలో 50% అమ్మితే 5,000 రావాలి. బాగా ఆడేవాడు 1.2 మార్కప్ పెడితే, అంటే అసలు ధరకు 1.2 రెట్లు అడిగితే 6,000 తీసుకుంటాడు. అంటే తన సగం వాటా 4,000కే దక్కింది. రెండోది దీర్ఘకాల ఒప్పందం: బ్యాకర్ (డబ్బు పెట్టేవాడు) ఎంట్రీలన్నీ కడతాడు, లాభం ముందుగా అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. ఓడితే ఆ నష్టం మేకప్‌గా పేరుకుంటుంది. తర్వాత గెలిచినప్పుడు ముందు మేకప్ తీరాలి, ఆ తర్వాతే పంపకం. 8 లక్షల మేకప్ ఉన్నవాడు 10 లక్షలు గెలిస్తే పంచుకునేది 2 లక్షలే. గొడవలు వచ్చేది ఇక్కడే. ఒప్పందం మానుకుంటే మేకప్ ఎవరు భరించాలి, బ్యాకర్‌కు చెప్పకుండా వేరే పోటీ ఆడితే ఎలా అన్నవి ముందే కాగితం మీద పెట్టుకోకపోతే స్నేహాలు పోతాయి.

రోజూ ఏం చదువుతారు?

మూడు నాలుగు గంటల ఆటకు గంట, రెండు గంటల చదువు ఉంటుంది. ముందు తమ హ్యాండ్ల రికార్డులో ఒకేరకం సందర్భాలు వేరుచేస్తారు: బిగ్ బ్లైండ్‌లో కాపాడుకున్న చేతులు, రివర్ మీద పెద్ద పందేనికి కాల్ చేసినవి. డబ్బు ఎక్కడ కారుతోందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత దాన్ని సాల్వర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో పెడతారు. అలాంటిదే పయోసాల్వర్, 2015లో వచ్చింది. ఇద్దరి చేతుల రేంజ్‌లు (ఎవరి దగ్గర ఏయే ముక్కలు ఉండొచ్చన్న జాబితా), స్టాక్ (ముందున్న డబ్బు), పందెం సైజులు ఇస్తే ఎవరూ దోపిడీ చేయలేని సమతుల్యపు ఆటను లెక్కగట్టి చూపిస్తుంది.

ఇక్కడ బాగా జరిగే పొరపాటు రేంజ్ తప్పుగా ఇవ్వడం. మొదటి రెండు ముక్కలకు 1,326 కలయికలున్నాయి. ఎదుటివాడు నిజానికి వాటిలో 15% ఆడుతుంటే మీరు 30% అని పెడితే, సాల్వర్ చెప్పేది ఇంకెవరి ఆటకో జవాబు. సంఖ్యలు బట్టీ పట్టేవాళ్లు కూడా ఎదగరు. ఈ బోర్డు మీద చిన్న పందెం ఎందుకు, పెద్దది ఎందుకు కాదు అన్న కారణం పట్టుకున్నవాడే కొత్త బోర్డు వచ్చినప్పుడు నిలబడతాడు. మనవాళ్లు నలుగురైదుగురు చిన్న గుంపులుగా కలిసి చదువుకోవడం బాగా కలిసొచ్చింది. ఒంటరిగా చదివేవాడికి తన తప్పు తనకు కనబడదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పోకర్ ఆడొచ్చా?

డబ్బు పెట్టి ఆడకూడదు. రెండు రాష్ట్రాల్లోనూ 1974 నాటి గేమింగ్ చట్టమే మూలం. తెలంగాణ 2017లో సవరణ తెచ్చి ఆన్‌లైన్‌ను చేర్చింది, రమ్మీ వంటి ఆటలకు ఉన్న మినహాయింపును కూడా తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌తో ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఆడినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు అని ప్రకటించింది. అపార్ట్‌మెంట్‌లోనో ఫామ్‌హౌస్‌లోనో స్నేహితులు చేరి చిప్స్‌తో ఆడినా, డబ్బు మారితే పోలీసుల దృష్టిలో అది పేకాట శిబిరమే. ‘నైపుణ్యపు ఆట’ అన్న వాదన కోర్టులో వినిపించేలోపు ఫొటోలు పేపర్లో వచ్చేస్తాయి.

హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్లు ఈ కారణంగా బెంగళూరు, గోవా వెళ్లి ఆడటం అలవాటైంది. నిచ్చెన కింది మెట్లు తెలుగువాళ్లకు మిగతా దేశం కంటే ముందే పోయాయి.

2025 కేంద్ర చట్టంతో ఏమైంది?

ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టం 2025 ఆగస్టు 20, 21 తేదీల్లో పార్లమెంటు దాటి, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అందించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాళ్లకు ఈ చట్టంలో శిక్ష లేదు. పెద్ద పోకర్ సంస్థలన్నీ వెంటనే డబ్బు టేబుళ్లు ఆపేశాయి.

అంతకుముందే పన్నులు నడుం విరిచాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30% టీడీఎస్ మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి నిర్వాహకుడి ఫీజు మీద కాకుండా జమచేసిన మొత్తం మీదే 28% జీఎస్టీ వేశారు. అంటే రూ.100 వేస్తే ఆటకు మిగిలేది రూ.78.13. చాలా సంస్థలు కొన్నాళ్లు ఆ తేడాను బోనస్ రూపంలో భరించాయి. సగటు మనిషికి జరిగిన నష్టాలు, అప్పులు, ఆత్మహత్యలు చూస్తే ప్రభుత్వానికి ఆందోళన ఎందుకు కలిగిందో అర్థమవుతుంది. అదే సమయంలో, 200 రూపాయలతో నేర్చుకునే చోటు పోయాక, రాబోయే పదేళ్లలో మన దేశం నుంచి వచ్చే ఆటగాళ్లు సొంత డబ్బు బాగా ఉన్నవాళ్లే అవుతారు.

ఇప్పుడు ప్రొఫెషనల్స్ ఎక్కడ ఆడుతున్నారు?

గోవాలో 21 ఏళ్లు నిండిన బయటి రాష్ట్రాలవాళ్లకు క్యాసినోల్లో ప్రవేశం ఉంది. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి క్యాసినోల మీద జీఎస్టీ 40% అయింది. అందుకని చాలామంది వియత్నాం, కొరియాలోని జేజు, చెక్ రిపబ్లిక్, సైప్రస్, లాస్ వేగాస్ టోర్నమెంట్ల క్యాలెండర్ పట్టుకుని తిరుగుతున్నారు. విమానం, హోటల్, వీసా ఖర్చు పెరిగేకొద్దీ గెలుపు శాతం కూడా అంత పెరగాలి. కొందరు కోచింగ్ వైపు వెళ్లారు.

వాట్సాప్‌లో ఏజెంటు ‘ప్రైవేట్ క్లబ్ యాప్’ లింకు పంపాడు. చేరొచ్చా?

వద్దు. ఇలాంటి క్లబ్‌లలో యాప్ పాయింట్లు మాత్రమే చూపిస్తుంది, డబ్బు ఏజెంటు ఖాతా నుంచి నడుస్తుంది. గెలిచాక అతను ఫోన్ ఎత్తకపోతే మీరు ఫిర్యాదు చేసే చోటు లేదు. ఒకే గదిలో ముగ్గురు కూర్చుని ఒకరి ముక్కలు ఒకరికి చెప్పుకుంటూ మీ మీద ఆడటం అక్కడ చాలా మామూలు. మీ బ్యాంకు ఖాతాకు వచ్చిన సొమ్ము ఇంకేదైనా సైబర్ మోసానిదైతే ఖాతా స్తంభించిపోతుంది. దాన్ని తెరిపించుకోవడానికి వేరే రాష్ట్రం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి.

మా అబ్బాయి ఉద్యోగం మానేసి పోకర్ ఆడతానంటున్నాడు. ఏం అడగాలి?

అరవకుండా లెక్కలు అడగండి. ఎన్ని హ్యాండ్ల రికార్డు ఉంది? 100 హ్యాండ్లకు ఎన్ని బిగ్ బ్లైండ్ల సగటు? రికార్డు లేదంటే జవాబు వచ్చేసినట్టే, గుర్తున్న గెలుపులు లెక్కలోకి రావు. వచ్చే రెండేళ్లు చట్టబద్ధంగా ఏ ఊళ్లో, ఏ టేబుల్ మీద ఆడతాడు? ఇంటి ఖర్చుకు విడిగా ఎంత ఉంది? ఎంత పోతే ఆపేస్తాడు, ఆ అంకె ఎవరికి చెప్పి పెట్టాడు? వీటికి శాంతంగా, కాగితం చూపించి జవాబు చెప్పేవాళ్లు తక్కువ, కానీ ఉన్నారు.

పోయింది రాబట్టాలని ఆడటం, ఎంత పోయిందో దాచడం, లోన్ యాప్‌లో అప్పు, నిద్ర లేకపోవడం కనబడితే ఇక అది ఆట కాదు, వ్యసనం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కుటుంబ సభ్యులు కూడా చేయొచ్చు.

గెలిచిన సొమ్ము మీద పన్ను ఎంత? విదేశంలో గెలిస్తే?

ఇక్కడ గెలుపు మీద 30%, దాని మీద 4% సెస్, మొత్తం 31.2%. ఆదాయం పెద్దదైతే సర్‌చార్జ్ అదనం. ఆన్‌లైన్‌లో కాకుండా గదిలో కూర్చుని ఆడే టోర్నమెంట్లలో, ఓడిన పోటీల ఎంట్రీలు తీసివేయడానికి వీల్లేకపోవడమే అసలు దెబ్బ. ఏడాదిలో 20 లక్షలు ఎంట్రీలకు పెట్టి 25 లక్షల బహుమతులు తెచ్చినవాడికి నిజమైన లాభం 5 లక్షలు. పన్ను 25 లక్షల మీద పడితే 7.8 లక్షలు, అంటే గెలిచి కూడా 2.8 లక్షల నష్టం. రిటర్నులో ఆదాయాన్ని ఏ పద్దు కింద చూపాలన్నది సొంతంగా తేల్చుకోకుండా, ఇలాంటి కేసులు చూసిన ఛార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరికి వెళ్లాలి.

అమెరికాలో గెలిస్తే భారత పౌరులకు అక్కడే 30% పట్టుకుంటారు. కొన్ని దేశాలకు పన్ను ఒప్పందంలో ఉన్న మినహాయింపు మనకు లేదు. క్యాసినో ఇచ్చే ఫారం 1042-ఎస్ జాగ్రత్తగా దాచుకోవాలి. ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు అక్కడ కట్టిన పన్నుకు జమ కోరడానికి అదే ఆధారం. ఎంట్రీ రసీదులు, స్టేకింగ్ ఒప్పందాలు, వాటాదారులకు పంపిన డబ్బు వివరాలు కూడా ఒకచోట ఉంచాలి. లేకపోతే మొత్తం బహుమతి మీ ఒక్కరి ఆదాయంగా లెక్క కడతారు. నగదుగా తెస్తుంటే, 10,000 డాలర్లు దాటితే అమెరికా కస్టమ్స్‌లోనూ, కరెన్సీ నోట్లు 5,000 డాలర్లు దాటితే మన విమానాశ్రయంలోనూ డిక్లరేషన్ ఇవ్వాలి. వైర్ ట్రాన్స్‌ఫర్ అడిగితే ఈ తలనొప్పి ఉండదు, పెద్ద క్యాసినోలు చేస్తాయి.